నలభై అయిదు దాటిన ఇళ్లు

మా డిపార్ట్‌మెంట్‌లో నన్ను వెనకాల "పేచీ" అంటారు. ముందు కూడా అంటారు, కాకపోతే నవ్వుతూ అంటారు. ఏ మీటింగులో నేను గొంతు సవరించుకున్నా పక్కవాళ్లు కుర్చీల్లో సర్దుకుని కూర్చుంటారు, ఇక టీ ఆలస్యమే అని. నాకేమీ బాధ లేదు. పేచీ పెట్టేవాళ్లు లేని చోట పని తొందరగా అవుతుంది. తప్పూ అంతే తొందరగా అవుతుంది.

నేను చేసేది సమాజశాస్త్రంలో పరిశోధన. అంటే ఇళ్లకు వెళ్లి, కూర్చోమన్న చోట కూర్చుని, జనాన్ని ప్రశ్నలడిగి, వాళ్లు చెప్పింది రాసుకొచ్చి, దాన్ని చెప్పినవాళ్లకే అర్థం కాని భాషలోకి మార్చడం. ఆ చివరి పని నాకు ఇప్పటికీ సరిగ్గా చేతకాదు. అందుకే నా డాక్టరేటు గడువు పొడిగించుకుంటూ, పొడిగించుకుంటూ వస్తోంది. మా అమ్మ స్కూలు యూనిఫారాలు కుడుతుంది. మిషను మీంచి తలెత్తకుండానే అడుగుతుంది. "ఏమే, నువ్వు డాక్టరమ్మవి అయ్యేలోపు సూదిలో దారం ఎక్కించే చూపైనా మిగులుతుందా నాకు?"

ఈ ప్రాజెక్టు రెండు శాఖలు కలిసి చేసింది. పాత కార్మికుల కాలనీలో రేకుల ఇళ్లలో వేడి ఎంత ఉంది, ఆ వేడిలో జనం ఎలా బతుకుతున్నారు అన్నది తేల్చాలి. వేడి సంగతి భౌతికశాస్త్రం వాళ్లది, జనం సంగతి మాది. తేల్చింది ఇళ్ల బోర్డు చేతిలో పెడితే, ఏ ఇళ్లకు ముందు కప్పు మార్చాలో, ఏవి తర్వాత చూడొచ్చో వాళ్లు నిర్ణయిస్తారు.

మా వైపు పెద్ద మా గైడు. ఆవిడని అందరూ మేడమ్ అంటారు, నేనూ అదే అంటాను. వాళ్ల వైపు పెద్దాయనకి డిగ్రీల సారు అని పేరు. గోడకి తగిలించి వేడి కొలిచే ఆయన పరికరాలు అగ్గిపెట్టంత ఉంటాయి. ఒక్కోదాన్ని కవరులో చుట్టి మంచునీళ్లలో ఒకసారి, వేడినీళ్లలో ఒకసారి ముంచి, సరిగ్గా చెబుతోందో లేదో చూసి, వెనక నంబరు రాసి, కన్నపిల్లల్లా చూసుకుంటాడు. ప్రాజెక్టు నడిచిన రెండేళ్లలో మేడమ్, సారు ఒకే ఒక్క విషయంలో ఒకేలా ఆలోచించారు. ఎదుటివాళ్లు చేసేది శాస్త్రం కాదని.

మొత్తానికి ఫలితం వచ్చింది. కాలనీలో వేడి ఎక్కువే గానీ జనం సర్దుకుపోగలిగినంతే ఉందట. కొండను తవ్వి ఎలుకను పట్టామని నేను గొణిగాను. పెద్ద పత్రిక ఒకటి ఆ ఎలుకనే అచ్చు వేస్తానంది. మేడమ్ అందరికీ కేకు తెప్పించారు.

పరిశోధనలో పాల్గొన్నవాళ్లకు ఫలితం చెప్పిరావాలని మాలో ఒక నియమం ఉంది. అందరూ ఒప్పుకుంటారు, ఎవరూ వెళ్లరు. వెళ్లేది నేను. ఒక్కో ఇంటికీ ఒక్కో చీటీ అచ్చు వేయించాను, మీ ఇంట్లో సగటున ఇంత, ఎక్కువలో ఎక్కువ ఇంత అని. వరుస వెంట వరుస పంచుకుంటూ పోయాను. జనం ఆ చీటీలు పరీక్ష మార్కుల్లా పక్కింటివాళ్ల చీటీలతో పోల్చుకున్నారు. ఒకాయన తన అంకె తక్కువ వచ్చిందని అలిగాడు.

కాలనీలో చివరి వరుస రొట్టెల ఫ్యాక్టరీకి ఆనుకుని ఉంటుంది. అక్కడ పొయ్యిలున్న గది గోడకి ఈ ఇళ్ల వెనక గోడ అతుక్కుని ఉంటుంది. రెండింటికీ మధ్య చెయ్యి పట్టేంత సందు కూడా లేదు. నేను వస్తున్నట్టు ముందే తెలిసి గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారందరూ. ఒక ముసలాయన చదువుకోవడానికి కళ్లజోడు తుడుచుకుని మరీ పెట్టుకున్నాడు. మొదటి గుమ్మంలో బొత్తాల పిన్ని ఉంది. చొక్కాలకి బొత్తాలు కుట్టి ఇచ్చే పని ఆవిడది. వేలికి తొడుగు తీయకుండానే చెయ్యి చాపింది.

"మాది ఎంతొచ్చిందమ్మాయ్?"

కట్టలో వెతికాను. ఆవిడ నంబరు లేదు. తర్వాతి ఇంటిదీ లేదు. కట్ట కింద పెట్టి మళ్లీ మొదట్నుంచీ తిరగేశాను. ఆ వరుసలో ఒక్క ఇంటికీ చీటీ లేదు.

"మా ఇంట్లో పెట్టిన పెట్టె పని చెయ్యలేదేమో," అంది పిన్ని, నన్ను ఆదుకోవడానికన్నట్టు.

"చేసింది పిన్నీ. లైటు వెలుగుతూ ఉండేదిగా."

"పోనీ నేను చెప్పింది? నువ్వు రాసుకున్నావే."

"రాసుకున్నాను."

"మరి ఏమైంది?"

పిన్ని నా మొహంలోకి చూసి, లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగుతుంటే నిదానంగా అడిగింది. "చీటీ లేదంటే మాకు చల్లగా ఉన్నట్టా?" ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. కాలనీ దాటేలోపు ఆ సిగ్గంతా కోపమైంది. నాకు సిగ్గు ఎక్కువసేపు నిలవదు.

మేడమ్ గదిలో ఏసీ చలికి మేడమ్ శాలువా కప్పుకుని కూర్చున్నారు. చివరి వరుస మొత్తం ఎలా పోయిందని అడిగాను.

"శుభ్రం చేసేటప్పుడు పోయుంటుంది," అన్నారు. శుభ్రం చేయడమంటే నమ్మలేని జవాబుల్ని తీసేయడం. "అన్ని ప్రశ్నలకీ ఒకే జవాబు చెప్పినవాళ్లని తీసేస్తాం కదా. నీకు తెలియనిదా? ప్రశ్న వినకుండా ఏదో ఒకటి అనేసేవాళ్లే అలా చెప్తారు."

మా ప్రశ్నలకి జవాబులు అయిదు. ఇబ్బంది లేదు, కొంచెం, ఫర్వాలేదు, ఎక్కువ, చాలా. నిద్రకి ఎంత ఇబ్బంది, వంటకి ఎంత, పిల్లల చదువుకి ఎంత, ఒంటికి ఎంత, ఇంట్లో తగువులకి ఎంత. చివరి వరుసవాళ్లు అన్నిటికీ "చాలా" అన్నారు. చెప్పేటప్పుడు నేను ఎదురుగా ఉన్నాను. తగువుల ప్రశ్న దగ్గర పిన్ని కుట్టడం ఆపి, మొగుడున్న వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి మరీ చెప్పింది. వినకుండా చెప్పేవాళ్లు గొంతు తగ్గించరు.

"వాళ్లు విన్నారు మేడమ్. నేను చూశాను."

"నువ్వు చూడటం ఒక పద్ధతి కాదమ్మాయ్. అందరికీ ఒకే నియమం ఉండాలి. అయినా ఆ ఇళ్లని సారువాళ్లు కూడా తీసేశారు. వాళ్ల కొలతలు కూడా చెడిపోయాయంటే అక్కడేదో తేడా ఉన్నట్టేగా?"

అదే ఊపులో సారు ల్యాబుకి వెళ్లాను. ఆయన బల్ల మీద పరికరాలు వరుసగా పడుకోబెట్టి ఉన్నాయి. నేను అడిగింది విని, కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని, చిన్న తరగతి పిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

"మనుషులు కాపురముండే గదిలో నలభై అయిదు డిగ్రీలు దాటదు. దాటిందంటే పరికరం మీద ఎండ పడినట్టు, లేదంటే ఎవరో పొయ్యి పక్కన పెట్టినట్టు. అలాంటి అంకెల్ని ప్రోగ్రామే తీసేస్తుంది. ఒక ఇంట్లో అవి మరీ ఎక్కువైతే ఆ పరికరాన్నే నమ్మలేం గనక ఆ ఇంటినే తీసేస్తుంది."

"ఒక వరుస మొత్తం పోయింది సార్. మీకు అనుమానం రాలేదా?"

"ఎందుకు రాలేదు? మీ మేడమ్‌ని అడిగాను. వాళ్ల జవాబులు కూడా నమ్మేట్టు లేవు, మేమూ తీసేశాం అన్నారు. అయితే సరే అనుకున్నాను."

దొందూ దొందే. ఈవిడకి ఆయన సాక్షి, ఆయనకి ఈవిడ సాక్షి. రెండేళ్లు ఒకరిదొకరు శాస్త్రం కాదని తిట్టుకున్నవాళ్లు, ఒక వరుస జనాన్ని చెరిపేయడానికి మాత్రం ఒకరినొకరు నమ్మేశారు. మనిషన్నవాడు అంత వేడిలో ఉండడని ఒక నియమం, మనిషన్నవాడు అన్నిటికీ ఒకే మాట చెప్పడని ఇంకో నియమం. రెండూ కలిసి తేల్చిందేమిటంటే, అలాంటి మనుషులు లేరని. బల్ల ఎక్కి అరవాలనిపించింది. అరిస్తే పేచీ మళ్లీ మొదలెట్టిందంటారు. ఇంకో దారి పట్టాను.

"అయితే సార్, మీ పరికరాలు అన్ని ఇళ్లలో ఒకేసారి చెడిపోయాయన్నమాట. నాసిరకం కొన్నారేమో."

ఆయన మొహం ఎర్రబడింది. "నాసిరకమా? ఒక్కోదాన్ని నేనే సరిచూశాను. తిరిగొచ్చాక కూడా చూశాను. అన్నీ బంగారంలా పనిచేస్తున్నాయి."

"తిరిగొచ్చాక కూడా సరిగ్గానే ఉంటే, అక్కడ మాత్రం ఎందుకు తప్పు చెప్తాయి సార్?"

ఆయన పరికరాల వంక చూశాడు.

"ఒకసారి వచ్చి ఆ ఇంట్లో కూర్చోండి," అన్నాను.

"నేను కూర్చోవడం కొలత కాదు. నా ఒళ్లు పరికరం కాదు."

"పరికరాల్నే తెచ్చుకోండి. వాటితోపాటు మీరు ఊరికే కూర్చోండి."

మర్నాడు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. నా మీద గౌరవంతో కాదు, పరికరాల పరువు కాపాడటానికి. మెడలో సంచి, నెత్తిన టోపీ. బొత్తాల పిన్ని చొక్కాల కుప్ప పక్కకి జరిపి చోటు చేసింది. "ఇలా కూర్చోండి బాబూ. ఆ గోడకి మాత్రం ఆనుకోకండి."

ఆనుకోవద్దంటే ఆగే మనిషి కాదు. అరచెయ్యి పెట్టి చూశాడు, చురుక్కున తీసేశాడు. తర్వాత పరికరం తగిలించాడు. అంకె ఎక్కుతూ ఎక్కుతూ నలభై ఏడు దగ్గర ఆగింది. దాన్ని తీసి, తుడిచి, ఇంకోటి తగిలించాడు. నలభై ఎనిమిది. మూడోదాన్ని గోడకి దూరంగా, గుమ్మం పక్కన, పిన్ని కూర్చునే చోట పెట్టాడు. నలభై ఆరు. ఎండ ఎక్కడా పడటం లేదు. ఇంట్లో పొయ్యి వెలిగించి లేదు. ఆయన చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఒక్కో పరికరాన్నీ పట్టుకుని, పిల్లాడికి జ్వరమొస్తే తల్లి చూసినట్టు తిప్పి తిప్పి చూశాడు.

"ఇందులో మనుషులు ఉండరు," అన్నాడు, తనలో తనే.

పిన్ని దారం పంటితో కొరికి, "ఉంటున్నాంగా బాబూ," అంది.

సారు బయటికొచ్చి మెట్టు మీద కూర్చుని, సీసాలో నీళ్లు నెత్తిన పోసుకున్నాడు. ఆ నలభై అయిదు ఎక్కణ్నించి వచ్చిందని అడిగాను. "పాత వ్యాసం ఒకటి. అందరం అందులోదే వాడతాం." అది ఎక్కడ కొలిచి పెట్టిన హద్దని మళ్లీ అడిగాను. "ఆఫీసు భవనాల్లో," అని, టోపీ పిండుకోవడం మొదలెట్టాడు.

పని అయిపోయిందనుకున్నాను. ఆయన కళ్లారా చూశాడు, మేడమ్‌కి చెప్తాడు, నివేదిక ఆగుతుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆయన చెప్పాడు, చెప్పలేదని అనను. కానీ చెప్పిన తీరు చావు కబురు చల్లగా చెప్పినట్టుంది. "హద్దు ఒకసారి పరిశీలించాల్సిన అవసరం కనిపిస్తోంది. అయితే ఒక మధ్యాహ్నం చూసింది శాస్త్రం కాదు. మొత్తం మళ్లీ లెక్క కట్టాలి. నెలలు పడుతుంది."

"బోర్డు మీటింగు ఎల్లుండి," అన్నారు మేడమ్. "ఉన్నది ఇచ్చేద్దాం. తర్వాత ఒక అనుబంధం ఇద్దాం. ప్రస్తుతానికి పరిమితుల పేరాలో ఒక వాక్యం చేర్చాను."

ప్రతి నివేదికలో చివర పరిమితులని ఒక పేరా ఉంటుంది. మాకు తెలిసిన తప్పులన్నీ మర్యాదగా పాతిపెట్టే చోటు అది. ఆ వాక్యం మేడమ్ చదివి వినిపించారు. "సాంకేతిక కారణాల వల్ల కొన్ని ఇళ్ల వివరాలు చేర్చడం సాధ్యపడలేదు."

"కొన్ని ఇళ్లు కాదు మేడమ్, ఒక వరుస. సాంకేతిక కారణం కాదు, రొట్టెల పొయ్యి."

మేడమ్ శాలువా తీసి పక్కన పెట్టారు. ఆవిడకి నిజంగా కోపమొచ్చినప్పుడు గొంతు పెరగదు, తగ్గుతుంది. "కూర్చో. ఈ ప్రాజెక్టు కోసం నేనెన్ని గుమ్మాలు ఎక్కానో నీకు తెలియదు. ఇప్పుడు మన లెక్క తప్పని మనమే అంటే బోర్డువాళ్లు ఏం చేస్తారనుకున్నావు? చివరి వరుసని చేర్చుకుంటారా? మొత్తం ఫైలు మూసేస్తారు. మిగతా వరుసలకి రాబోయే కప్పులు కూడా పోతాయి. వాళ్ల మొహం నువ్వు చూస్తావా?"

ఆ మాట నాకు తగిలింది. తగల్లేదని అబద్ధమాడను. ఆవిడ చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే నా పని సులువయ్యేది.

"అందరి సంతకాలూ కావాలి," అని మేడమ్ కాగితం నా వైపు జరిపారు. "సంతకం పెట్టనివాళ్లకి ఈ వివరాలు వాడుకునే హక్కు ఉండదు. నీ థీసిస్ మొత్తం వీటి మీదే ఉంది. బెదిరింపు కాదు, నియమం చెప్తున్నాను."

సారు కిటికీ బయటికి చూస్తున్నాడు. నేను కాగితం తీసుకోకుండా లేచొచ్చేశాను.

సాయంత్రం ఇంట్లో అమ్మకి చెప్పాను. అమ్మ నిక్కరుకి జేబు అతుకుతోంది. అంతా విని, "కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అంది. "ఆ ఇళ్లలో ఉన్నవాళ్లు గోల చేస్తున్నారా? నువ్వెందుకు ఒళ్లు చించుకుంటావు?"

"వాళ్లు గోల చేస్తే వినేవాళ్లెవరమ్మా? గోల రాసుకోవడానికే నన్ను పంపించారు. రాసుకొచ్చాను. చెరిపేశారు."

"పట్టా తెచ్చుకో. తెచ్చుకున్నాక పోట్లాడు. చేతిలో పట్టా ఉన్నవాళ్ల పోట్లాటకి విలువ."

"సంతకం పెడితే ఆ వరుస లేదని నేనే చెప్పినట్టు. తర్వాత ఉందని ఏ మొహంతో చెప్పను?"

"సంతకం పెట్టి ఏడిస్తే ఒక్క ఏడుపే. పెట్టకుండా ఏడిస్తే రెండు ఏడుపులు. ఒకటి వాళ్లకి, ఒకటి నీకు."

అమ్మ మిషను ఆపింది. జేబు వంకర పోయింది కాబోలు, కుట్టు విప్పదీస్తూ కూర్చుంది. గోడ మీద నాన్న ఫొటో వైపు ఒకసారి చూసి, "ఎవరి పోలికో నాకు తెలుసు. పోయినవాళ్లని ఏమంటాను," అంది. అది ఒప్పుకోవడమో కాదో నాకు తెలియదు. ఇంక కాదనలేదు, అంతే.

సంతకం పెట్టలేదు. అయినా మేడమ్ నన్ను మీటింగుకి రావద్దనలేదు. తెర మీద బొమ్మలు మార్చే ఫైలు తయారుచేసింది నేనే. అది నాకు తప్ప ఎవరికీ సరిగ్గా తిరగదు. "నువ్వు మీట నొక్కితే చాలు. మాట్లాడేది నేను," అన్నారు. ఊఁ అన్నాను. అప్పటికి నిజంగా అలాగే అనుకున్నాను. సంతకం లేదు గనక నా చెయ్యి శుభ్రమే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

బోర్డు గదిలో పొడుగాటి బల్ల, చుట్టూ మెత్తటి కుర్చీలు, ఒక్కొక్కరి ముందూ నీళ్ల సీసా. బోర్డు అధ్యక్షుడు మర్యాదస్తుడు. అందరినీ పేరుపేరునా పలకరించి, నన్ను మాత్రం "ఆ అమ్మాయి" అన్నాడు. కాలనీ నుంచి ఎవరూ లేరు. పిలవలేదు. మేడమ్ చక్కగా చెప్పుకుపోయారు. నేను మీట నొక్కుకుంటూ పోయాను. సారు తన వంతు అంకెలు చదివి, నా వైపు చూడకుండా కూర్చున్నాడు.

చివరికి కాలనీ పటం వచ్చింది. బాగా వేడిగా ఉన్న ఇళ్లు ఎరుపు, తర్వాతవి నారింజ, ఆ తర్వాత పసుపు. చివరి వరుస దగ్గర రంగు లేదు. తెల్లగా, శుభ్రంగా ఉంది.

అధ్యక్షుడు కళ్లజోడు సర్దుకుని ముందుకి వంగాడు. "ఫ్యాక్టరీ పక్కన ఆ తెల్లగా ఉన్నది ఖాళీ స్థలమా?"

మేడమ్ తడబడ్డారు. "అంటే... అక్కడి వివరాలు మా పరిధిలో లేవండి."

"మంచిదే. రొట్టెల ఫ్యాక్టరీవాళ్లు గోదాముకి స్థలం కావాలని ఎప్పట్నుంచో తిరుగుతున్నారు. కప్పులు మార్చేటప్పుడే ఆ ముక్క వాళ్లకిచ్చేస్తే, వాళ్లూ ఈ పనికి ఒక చెయ్యి వేస్తారు." పక్కనున్నాయన తలూపి రాసుకున్నాడు.

మేడమ్ చేతిలో పటం చూపించే కర్ర ఆగిపోయింది. ఆవిడ నోరు తెరుస్తారని చూశాను. నిజంగా చూశాను, ఆవిడకి వ్యవధి ఇచ్చాను. ఆవిడ బల్ల మీదున్న కాగితాలు సర్దారు. "తర్వాత అనుబంధంలో ఆ సంగతి..." అన్నారు.

"అవి ఇళ్లు," అన్నాను.

నేను కూర్చునే అన్నాను గానీ గదంతా వినపడింది. మేడమ్ నా వైపు చూసి మీట వంక వేలు చూపించారు, తర్వాతి బొమ్మ వెయ్యమని. నేను లేచి నిలబడ్డాను. తెర మీద పటం అలాగే ఉంది.

"ఆ తెల్లటి చోట పధ్నాలుగు ఇళ్లున్నాయండీ. వాటిలో జనం ఉన్నారు. మొత్తం కాలనీలో అందరికన్నా ఎక్కువ వేడి అక్కడే. మరీ ఎక్కువ ఉంది గనక మా యంత్రాలు నమ్మలేదు. వాళ్లు అన్నిటికీ చాలా ఇబ్బందని చెప్పారు గనక మా పద్ధతి నమ్మలేదు. తీసేశాం. ఇప్పుడు మీరు ఖాళీ అంటున్నారు."

"అమ్మాయ్, కూర్చో," అన్నారు మేడమ్. "ఈ అమ్మాయి ఈ నివేదికలో భాగం కాదండీ. సంతకం కూడా చెయ్యలేదు."

"చెయ్యలేదండీ. ఇదిగో, ఇందుకే చెయ్యలేదు."

నిండా మునిగినవాడికి చలేమిటి అంటారు. ఆ క్షణాన నా డాక్టరేటు మునిగిపోవడం నాకు స్పష్టంగా తెలిసింది. అన్నేళ్ల తిరుగుడు, రాసుకొచ్చిన పుస్తకాలు, అమ్మ మిషను చప్పుడు, అన్నీ కలిపి. ఏడుపొస్తుందేమో అని కూడా భయమేసింది. కానీ కూర్చోవాలని మాత్రం అనిపించలేదు.

అధ్యక్షుడు సారు వైపు తిరిగాడు. "ఏమండీ, ఈ అమ్మాయి చెప్పేది నిజమేనా? పరికరాలు తప్పు చూపించాయా?"

పరికరాలు తప్పు చూపించాయని ఒక్క మాటంటే సారు గట్టెక్కుతాడు. అందరం గట్టెక్కుతాం. మేడమ్ ఆయన వైపే చూస్తున్నారు. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"లేదండీ," అన్నాడు. "పరికరాలు సరిగ్గానే చెప్పాయి. ఆ హద్దు పెట్టింది నేను. అక్కడ ఎవరూ ఉండలేరనుకుని పెట్టాను. వెళ్లి చూశాను. ఉన్నారు." నీళ్ల సీసా మూత తిప్పుతూ ఉండిపోయాడు.

అధ్యక్షుడు గోడ గడియారం వైపు చూశాడు. మీటింగులో అనుకోనిది జరిగితే పెద్దలందరూ చేసే పని అదే. "సరేనమ్మా, విన్నాం. ఆ వరుస పరిస్థితి ఏమిటో క్లుప్తంగా, ఒక్క మాటలో చెప్పు. రాసుకుంటాం. మాకు ఇంకా చాలా పనులున్నాయి."

"ఒక్క మాటలో వాళ్లు చెప్పారండీ. చాలా అన్నారు. ఒక్క మాటే చెప్పారని వాళ్లని లేకుండా చేశాం. నేను ఒక్క మాటలో చెప్పను."

"మరి?"

"ఒక్కో ఇంటి సంగతీ చెప్తాను. మొత్తం వినండి. విన్నాక అక్కడ గోదాము కట్టుకోండి, కట్టగలిగితే."

ఆయన ఏదో అనబోయాడు. నేను ఆగలేదు. మొదటి ఇంట్లో బొత్తాలు కుట్టే ఆవిడ, మొగుడు, ఇద్దరు పిల్లలు. చెమట మరకలు పడ్డ చొక్కాలు తీసుకోరని ఆవిడ అరచేతులకి గుడ్డలు చుట్టుకుని కుడుతుంది. పిల్లలు బడి నుంచి వచ్చి, ఇంటికి రాకుండా బస్‌స్టాప్‌లో కూర్చుని చదువుకుంటారు. రెండో ఇంట్లో చంటిబిడ్డ ఉంది. పగలంతా దాన్ని నీళ్లు పోసిన టబ్బులో కూర్చోబెట్టి, తల్లి పక్కనే కూర్చుంటుంది, మునగకుండా. ఆ తల్లి ఇంకే పనికీ వెళ్లలేదు, అందుకని అత్తగారికీ ఆవిడకీ రోజూ తగువు. తగువుల ప్రశ్నకి ఆవిడ చెప్పిన జవాబు కూడా మీకు చెప్తాను, అది చెప్పడానికి ఎంతసేపు పట్టిందో కూడా చెప్తాను.

రాసుకునే ఆయన కలం పట్టుకుని అధ్యక్షుడి వైపు చూశాడు. అధ్యక్షుడు తల ఊపలేదు, వద్దనీ అనలేదు. మేడమ్ బ్యాగు భుజాన వేసుకుని, కుర్చీ నిదానంగా లోపలికి తోసి, బయటికి వెళ్లిపోయారు. తలుపు మూసుకునే సరికి నేను మూడో ఇంటి గుమ్మంలో ఉన్నాను.